ఈ సెప్టెంబరులో పిల్లల్ని గుండ్లకమ్మ నది ఒడ్డుకు తీసుకెళ్తున్నాం

ప్రియమైన తల్లిదండ్రులకు,

వందనాలు, నమస్కారాలు.

ఎఫ్ఏ-1 పరీక్ష మార్కుల కోసం ఈ లేఖ తెరిచినవాళ్లకు ముందే చెబుతున్నాను, మార్కులు డైరీలో అంటించి పంపాం. ఈ నెల నేను రాస్తున్నది వేరే సంగతి.

సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా ప్రపంచంలో చాలా క్రైస్తవ సంఘాలు, దేవుడు చేసిన ప్రకృతిని కాపాడుకోవాలని గుర్తుచేసే 'సృష్టి కాలం' పాటిస్తాయి. 1989లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ పాట్రియార్క్ (మతాధిపతి) మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థన చేసే రోజుగా ప్రకటించారు. తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాలు చేయి కలిపాయి. 2015లో పోప్ ఫ్రాన్సిస్ కథోలికులకు కూడా అదే రోజును నిర్ణయించారు. చివరి రోజు, ప్రకృతినీ జీవుల్నీ ప్రేమించిన పునీతుడు అసిసీ ఫ్రాన్సిస్ గారి పండుగ. మన వైపు దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిసిన చోట కూడా ఒక ఫ్లెక్సీ, ఒక మొక్క, ఆ మొక్కను పట్టుకోవడానికి ఎనిమిది చేతులు, ఒక ఫొటో. మర్నాటి నుంచి దానికి నీళ్లు పోసేది ఆయమ్మే. అందుకని ఈసారి మన బడిలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టడం లేదు. బదులుగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లల్ని, శనివారానికి ఒక తరగతి చొప్పున, గుండ్లకమ్మ ఒడ్డుకు తీసుకెళ్తాం.

నదే ఎందుకంటే, మన ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్రలో గోడల కంటే మట్టీ నీళ్లే ఎక్కువ. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి కొండెక్కి మోకరించారు. ఇప్పుడు మనం ప్రార్థన కొండ అనేది దాన్నే. 1866లో ఒంగోలుకు అమెరికా మిషనరీ జాన్ క్లౌ వచ్చారు, పెద్దవాళ్ల నోట క్లౌ దొరగారు. 1876-78 కరువులో జనం తిండి లేక రాలిపోతుంటే, ప్రభుత్వం కరువు పనిగా చేయిస్తున్న బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. అమెరికాలో ఉండగా నేర్చుకున్న సర్వే పని అలా అక్కరకొచ్చింది. వేలమంది పలుగూ పారా పట్టి, మట్టి తట్టలు మోసి ఆ కూలితో బతికారు. కరువు సాయం నడిచినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసిపోతే మరో ఇద్దరికి చోటిస్తూ, ఆ పని పూర్తి చేశారు.

ఇప్పుడు మన చర్చిల్లో బాప్తిస్మానికి టైల్స్ వేసిన తొట్టి ఉంటుంది, కుళాయి తిప్పితే నిండుతుంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ తొట్టిలో బాప్తిస్మం తీసుకున్న మన పిల్లల్లో గుండ్లకమ్మ ఎక్కడ పుడుతుందో ఎంతమందికి తెలుసు? నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మన పక్క నుంచే వెళ్లి సముద్రంలో కలుస్తుంది. బస్సులో వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి చూడటమే వాళ్లకు నదితో ఉన్న పరిచయం.

గత నెల తల్లిదండ్రుల సమావేశంలో ఈ ప్లాన్ చెప్పినప్పుడు ఒక తండ్రి లేచి అడిగారు: "మా తాతలు జీవితమంతా ఆ బురదలోనే ఉన్నారు మేడమ్. బయటపడాలనే మమ్మల్ని చదివించారు. మీరు మళ్లీ అందులోకే తీసుకెళ్తారా?" హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఈ విషయం మీద నేను విన్న ప్రశ్నల్లో అంత బరువైనది ఇంకోటి లేదు.

ఆయన మాటలో నిజముంది. 1878లో ఆ నదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు, తోలు పని, పొలం పని చేసుకునేవాళ్లు. నేల గురించి వాళ్లకు తెలియనిది లేదు, ఆ నేలలో వాళ్లకంటూ సెంటు లేదు. ప్రకృతి ఒడి, పల్లె అందం లాంటి మాటలు వాళ్ల మనవల ముందు నేను మాట్లాడను. ఎవరో పిలిస్తే కూలికి వెళ్లడం వేరు, నోటుపుస్తకం పట్టుకుని 'ఇది ఎందుకు ఇలా ఉంది' అని అడగడానికి వెళ్లడం వేరు. రెండోది ఆ తాతలకు దొరకలేదు. పైగా, ఏ గడ్డి పశువు తింటుంది, ఏ మబ్బుకు వాన పడుతుంది, ఏ ఆకు దెబ్బకు కడతారు అన్నది వాళ్లకు తెలిసిన విద్య. కూలి కష్టాన్ని వదిలించుకునే తొందరలో ఆ విద్యను కూడా వదిలేశాం. కష్టం పోవాలి, విద్య ఎందుకు పోవాలి?

కొందరు విశ్వాసులు ఇంకో మాట అంటారు: ఈ లోకం ఎలాగూ గతించిపోయేదే, మన చూపు పరలోకం మీద ఉండాలి గానీ చెట్ల మీద ఎందుకని. ఆ మాట నాకు మింగుడుపడదు. జలప్రళయం తర్వాత దేవుడు నిబంధన, అంటే ఒప్పందం, చేసింది నోవహుతో మాత్రమే కాదు, ఓడలోంచి దిగిన పక్షులు, పశువులు, సమస్త జీవులతో అని బైబిల్లోని ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆ నిబంధనకు గుర్తయిన ఇంద్రధనుస్సు పాట పిల్లలకు నేర్పుతాం, అందులో పక్షుల వాటా గురించి చెప్పం. పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకకూడదని ద్వితీయోపదేశకాండం. యుద్ధంలోనే వద్దన్నప్పుడు, కూటాలకు పందిరి అడ్డమొచ్చిందని మామిడి కొట్టేయడాన్ని ఏమనాలి? ఆ కూటాలయ్యాక మైదానంలో మిగిలే డిస్పోజబుల్ గ్లాసుల సంగతి ఇక ఎత్తను.

ఒడ్డున ఏం చూపిస్తారని అడిగినవాళ్ల కోసం ఒక్కటి చెబుతాను. వానాకాలం గిజిగాడు గూళ్లు కట్టే కాలం. నీటి మీదికి వంగిన తుమ్మ కొమ్మలకో, ఈత మట్టల చివరలకో అవి వేలాడుతుంటాయి. అల్లేది మగ పిట్ట. గడ్డి పోచ అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూ లాగి సన్నటి పీచు చీలుస్తుంది. ముందు ఒక ఉంగరం, తర్వాత దాని మీద బోర్లించిన టోపీలా సగం గూడు. అక్కడ ఆపి, రెక్కలాడిస్తూ ఆడ పిట్టల్ని పిలుస్తుంది. ఆడ పిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే కింద పొడవాటి గొట్టం దారి అల్లడం మొదలవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది, మగ పిట్ట పక్కన ఇంకోటి మొదలుపెడుతుంది. పిల్లలు పూర్తయిన గూళ్లు ఎన్నో, సగంలో ఆగినవి ఎన్నో లెక్కపెట్టి, బొమ్మ గీసి తేవాలి. గూడు తెంపి ఇంటికి తేకూడదు. తండ్రి సెలవు లేకుండా ఒక్క పిచ్చుక కూడా నేల రాలదని ప్రభువు చెప్పిన మాటను ఆదివారం బడిలో అందరూ అప్పజెబుతారు. ఒక పిట్టను పది నిమిషాలు కదలకుండా చూసిన పిల్లకు ఆ మాట వేరేగా వినిపిస్తుందని నా నమ్మకం.

క్రైస్తవేతర కుటుంబాలకు స్పష్టంగా చెప్పాలి. ఇది బడి పని. నది ఒడ్డున ప్రార్థన కూటం గానీ ప్రసంగం గానీ ఉండవు. మా నమ్మకం మమ్మల్ని ఎందుకు అటు నడిపిస్తోందో దాచడం ఇష్టం లేక పైన రాశాను, అంతే. మీ ఇళ్లలో నదికి ఉన్న పూజలు, కథలు ఉంటే మీ పిల్లలు నోటుపుస్తకంలో రాయవచ్చు, క్లాసులో చదివిస్తాం.

టెన్షన్ పడేవాళ్లకు: ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వం. ఈత వచ్చిన పీఈటీ సారు, ఇద్దరు టీచర్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె వెంట ఉంటారు. వాన పడినా, ఎగువ నుంచి నీళ్లు వదిలినా ఆ వారం ప్రయాణం రద్దు, వాట్సాప్ గ్రూపులో చెబుతాం. సిలబస్ వెనకబడుతుందన్న భయం వద్దు, సైన్స్ ప్రాజెక్టు మార్కులు ఈ పని మీదే వేస్తాం.

బస్సు ఉదయం 6:30కి బడి దగ్గర బయలుదేరి 10 గంటలకు తిరిగొస్తుంది. టోపీ, కాలి వేళ్లు కప్పే బూట్లు, స్టీలు సీసాలో నీళ్లు, డబ్బాలో టిఫిన్. చిప్స్ ప్యాకెట్లు తెస్తే గేటు దగ్గరే తీసుకుంటాం, సాయంత్రం తిరిగిస్తాం. కింద ఉన్న అనుమతి పత్రంపై సంతకం పెట్టి వచ్చే బుధవారం లోపల పంపండి.

ప్రతి బస్సులో పెద్దవాళ్ల కోసం నాలుగు సీట్లు ఖాళీగా ఉంచుతున్నాం. మీ ఇంట్లో పొలం పని చేసిన తాతయ్యగానీ, అమ్మమ్మగానీ, నాయనమ్మగానీ ఉండి, నడవగలిగితే పంపండి. ఆ పూట పాఠం చెప్పేది వాళ్లే. మోకాళ్ల నొప్పులున్నా ఫర్వాలేదు, ఒడ్డున కుర్చీలు వేయిస్తాం. పేరు అనుమతి పత్రం వెనక రాస్తే చాలు. సమావేశంలో ప్రశ్న అడిగిన ఆ తండ్రి తన తల్లి పేరు ఇప్పటికే ఇచ్చారు కాబట్టి, మొదటి శనివారానికి ఇక మూడు సీట్లే ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు