సేజ్ మొక్కకు వానాకాలమే గండం

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్ మిద్దె తోటల్లో ఈమధ్య రోజ్‌మేరీ, థైమ్‌లతో పాటు వంటలో వాడే సువాసన ఆకుల మొక్క సేజ్ కూడా చేరుతున్నది. కానీ పత్రికల తోటపని శీర్షికల్లో దీని గురించి వచ్చే సలహాలు చాలావరకు చలిదేశాలవే. వసంతంలో నాటాలని, రోజంతా ఎండ తగలాలని చదివి మార్చిలో కుండీలో పెట్టిన మొక్క మే ఎండలకు సగం మాడి, మృగశిర కార్తె దాటాక కుళ్లిపోతున్నది.

సేజ్ మధ్యధరా తీరపు మొక్క. అక్కడ వేసవి పొడిగా గడుస్తుంది, వానలు చలికాలంలో పడతాయి; మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోత, ముసురు. తులసి, పుదీనాల కుటుంబానిదే అయినా పుదీనాకు పోసినట్టు దీనికి నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. అప్పుడు బూడిదరంగు నూగుతో మెత్తగా ఉండే ఆకులు వేలాడిపోతాయి, మొదలు దగ్గర కాండం నల్లబడుతుంది. దాహమేసిందనుకొని ఇంకో చెంబెడు పోయడంతో అది కాస్తా పోతుంది. వేలు అంగుళం లోతు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి.

మనకు అనువైన అదను దసరా దాటి వానలు తగ్గిన తరువాతే. నల్లరేగడి పనికిరాదు, చల్క మట్టిలో మూడో వంతు ముతక ఇసుక, గుప్పెడు చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది గాని ఘాటు తగ్గుతుంది, ఆలుగడ్డ వేపుడులోకి నాలుగు ఆకులు నేతిలో వేయించుకునేవారికి ఆ ఘాటే కదా కావలసింది. చలికాలమంతా నిండు ఎండలో ఉంచి, లేత చిగుళ్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. ముదిరి కట్టెబారిన కొమ్మను ఆకుల్లేని చోటికి నరికితే మాత్రం మళ్లీ చిగురించడం కష్టం. మార్చి చివరి నుంచి మధ్యాహ్నం షేడ్ నెట్ నీడ ఇవ్వాలి. వానాకాలంలో కుండీని సజ్జ కిందికి జరిపి, అడుగున పళ్లెం తీసేసి, ఇటుకల మీద నిలపాలి. ఇంత చేసినా కొన్ని పోతాయి కాబట్టి చలికాలంలోనే వేలెడు లేత కొమ్మలు కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి వేరు పోయించి ఉంచుకోవడం మంచిది.

మీ తోటపని శీర్షికలో ఇటువంటి పరదేశపు మొక్కల గురించి ప్రచురించేటప్పుడు, ఉత్తర తెలంగాణలో ఏ కార్తెలో నాటాలో, ఏ కార్తెలో వాన నుంచి కాపాడుకోవాలో కూడా రాయించవలసిందిగా మనవి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ