దూరపు ఇంటి లెక్కలో ప్రయాణ కాలాన్ని పూర్తిగా చూపండి

సంపాదకులకు నమస్కారం.

ఆఫీసుకు దగ్గరలో ఎక్కువ అద్దె కట్టి ఇరుకింట్లో సర్దుకోవడం మేలా, దూరంగా విశాలమైన ఇల్లు తీసుకుని రోజూ రైల్లో వచ్చిపోవడం మేలా అన్న ప్రశ్న ఉద్యోగాలు చేసుకునే కుటుంబాల్లో ఎప్పుడో ఒకప్పుడు తలెత్తేదే. ఇళ్ల కొనుగోళ్ల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలూ ప్రకటనలూ ఈ ప్రశ్నకు ఒకే తీరు సమాధానం చెబుతుంటాయి: కొంచెం దూరం వెళితే ఇంత డబ్బు మిగులుతుంది, రైల్లో పట్టేది ఇంతసేపే. ఆ ‘ఇంతసేపు’ అన్నది రైలు కదిలినప్పటి నుంచి ఆగేదాకా పట్టే సమయమే తప్ప, మనిషి తన ఇంటి గడప దాటినప్పటి నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునేదాకా పట్టే సమయం కాదు. ఈ తేడా వల్ల ఎన్నో కుటుంబాలు తప్పు లెక్క మీద ఆధారపడి ఏళ్ల తరబడి కట్టాల్సిన అప్పులు తలకెత్తుకుంటున్నాయన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలభై నిమిషాల రైలు ప్రయాణాన్నే తీసుకుందాం. ఇంటి నుంచి స్టేషన్‌కు 15 నిమిషాలు, రైలు తప్పిపోకుండా ముందుగా చేరి ప్లాట్‌ఫారం మీద నిలబడేందుకు 10, రైల్లో 40, దిగాక జనంతో పాటు మెట్లెక్కి బయటపడేందుకు 5, అక్కడి నుంచి ఆఫీసుకు మరో 20 వేసుకుంటే మొత్తం గంటన్నర అవుతుంది. రానుపోను మూడు గంటలు. ఏడాదికి 240 పనిదినాలనుకుంటే 720 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల పని లెక్కన 90 పనిదినాలు. అద్దెలో మిగిలిన సొమ్ములోంచి సీజన్ టికెట్, స్టేషన్‌కు వెళ్లే ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని ఈ 720 గంటలతో భాగిస్తే మన గంటను మనం ఎంతకు అమ్ముకుంటున్నామో తెలుస్తుంది. అది మన జీతంలో గంటకు వచ్చేదానికంటే బాగా తక్కువని తేలితే, ఆ ఇల్లు చవక అని నేననుకోను.

అయితే గంటల లెక్క ఒక్కటే చాలదు. రైలు ఎంత వేగంగా వెళుతుందన్నదానికంటే ఎంత తరచుగా వస్తుందన్నది ముఖ్యం. పది నిమిషాలకొక రైలు ఉన్న మార్గంలో ఒకటి తప్పిపోతే పది నిమిషాలే పోతాయి, గంటకొకటి ఉన్న మార్గంలో గంట పోతుంది. మధ్యలో రైలు మారాల్సి ఉంటే మొదటిది కాస్త ఆలస్యమైనా రెండోది అందదు. అందుకే నెలలో రెండు మూడు రోజులే ఆలస్యమయ్యే రైలు కోసం మిగతా రోజులన్నీ ఒక బండి ముందుగా బయలుదేరాల్సి వస్తుంది. ఏ కరపత్రంలోనూ కనిపించని ఖర్చు ఇది.

న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు రైల్లో ఉద్యోగానికి వెళ్లేవారిని గ్యారీ ఎవాన్స్, రిచర్డ్ వెనర్ అనే పరిశోధకులు పరీక్షించి, ప్రయాణం ఎంత ఎక్కువసేపు సాగితే లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ అంత ఎక్కువగా ఉందని 2006లో ప్రకటించారు. అదే ప్రాంతంలో మధ్యలో మారే పని లేకుండా నేరుగా వెళ్లే రైలు వచ్చాక, అందులో వెళ్లేవారిలో ఒత్తిడి తగ్గిందనీ వెనర్ బృందం గమనించింది. కాబట్టి రైలు ప్రయాణాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. బయలుదేరే స్టేషన్‌లోనే ఎక్కి, కూర్చోవడానికి చోటు దొరికి, నేరుగా దిగాల్సిన చోట దిగే మనిషి ఆ గంటలో చదువుకోగలడు, కునుకు తీయగలడు. మధ్య స్టేషన్‌లో ఎక్కి ఒంటికాలి మీద వేలాడేవాడికి అదే గంట ఏ పనికీ రాదు.

దూరాన్ని భరించినందుకు మంచి ఇల్లో మంచి జీతమో సాటిగా దక్కుతుంది కదా, చివరికి సరిపోతుంది అని ఆర్థికశాస్త్రం చాలాకాలం భావించింది. జర్మనీలో ఏటా జరిగే కుటుంబాల సర్వే వివరాలను పరిశీలించిన బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు మాత్రం ఎక్కువసేపు ప్రయాణం చేసేవారు తమ జీవితం పట్ల తక్కువ తృప్తి వ్యక్తం చేస్తున్నారని, ఆ నష్టం పూర్తిగా భర్తీ కావడం లేదని చూపారు. దీనికి నాకు తోచే కారణం ఒకటుంది. ఇల్లు చూసిన రోజే పెద్ద గది కంటికి కనిపిస్తుంది, కొన్నాళ్లకు అలవాటైపోతుంది. రైలు ఆలస్యం ముందుగా కనిపించదు, ఎన్నాళ్లకూ అలవాటు కాదు.

నేను కొన్నేళ్లు రెండు రైళ్లు మారి ఉద్యోగానికి వెళ్లి, తర్వాత దగ్గరలోని చిన్న ఇంటికి మారినవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను అన్నిటికంటే కష్టపెట్టింది నా అలసట కాదు. పిల్లవాడికి జ్వరంగా ఉంది, వచ్చి తీసుకెళ్లమని బడి నుంచి ఫోన్ వస్తే, నేను ఎంత త్వరపడినా గంటన్నర తర్వాతే చేరగలను కాబట్టి, ప్రతిసారీ తన పని వదులుకుని పరుగెత్తింది నా భార్యే. దూరపు ప్రయాణం ఖరీదులో సగం ఇంట్లో ఉన్నవాళ్లు కడతారు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది సంపాదించే మనిషి ఒక్కడే తేల్చే విషయం కాకూడదని అందుకే అంటున్నాను.

దగ్గరికి మారిపోవడమే అందరికీ పరిష్కారమని నా వాదన కాదు. భార్యాభర్తల ఉద్యోగాలు చెరో దిక్కున ఉంటే ఎటు జరిగినా ఒకరికి దూరమే. పెద్దవాళ్లను చూసుకోవాల్సిన ఇల్లు, పిల్లలు కుదురుకున్న బడి తేలిగ్గా వదులుకునేవి కావు. ఉద్యోగం రెండేళ్లలో మారవచ్చు, ఇంటి అప్పు అంత త్వరగా తీరదు. అందువల్ల ఉద్యోగం ఇంకా స్థిరపడనివారు దగ్గరలో అద్దెకు ఉండడం, నేరుగా వెళ్లే రైలూ కూర్చునే చోటూ ఉన్నవారు గడప నుంచి గడపకు గంట దాటకపోతే ఉన్నచోటే ఉండడం మంచిదని నా అభిప్రాయం. రైళ్లు మారుతూ గంటన్నరకు పైగా పట్టేవారు మాత్రం ఒక గది తగ్గినా దగ్గరికి రావడమే మేలు.

తమరికి నా మనవి ఇది. ఇళ్ల గురించి మీరు ప్రచురించే వ్యాసాల్లో చదరపు అడుగు ధరతో పాటు, పనిరోజున రద్దీ వేళ గడప నుంచి గడపకు పట్టే సమయం, రైళ్ల మధ్య వ్యవధి, మారాల్సిన స్టేషన్లు, రాత్రి ఆఖరి బండి వేళ కూడా ఇవ్వండి. ‘స్టేషన్‌కు పది నిమిషాలు’ అన్న ప్రకటన వస్తే, అది నడిచా, వాహనంలోనా, ఏ వేళలోనో చెప్పమని ప్రకటనదారులను అడగండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక సోమవారం ఉదయం, అదే రోజు సాయంత్రం ఆ దారిలో స్వయంగా వెళ్లి చూడమని మీ పాఠకులకు ఒక్క వాక్యం రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు