వెస్టర్న్ అవెన్యూ పాత సైకిల్ బాట: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పశ్చిమ లండన్‌లోని గ్రీన్‌ఫోర్డ్, పెరివేల్, నార్తోల్ట్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలు, ఏ40 రోడ్డు (ఇక్కడ దీని పేరే వెస్టర్న్ అవెన్యూ) పక్కనున్న 1930ల నాటి పాత సైకిల్ బాట ఆనవాళ్లు వెతికి మ్యాపులో ఎక్కించడానికి ఇచ్చిన డబ్బు లెక్క ఇది. మొత్తం జమ 1,712.40 పౌండ్లు. ఖర్చు 1,149.55. మిగిలిన 562.85 కమిటీ ఖాతాలోనే ఉంది. ఇద్దరి సంతకాలు లేనిదే అందులోంచి పైసా కదలదు.

జమలో కుటుంబాల చందాలు 1,085 పౌండ్లు. ఉగాది నాటి మిర్చి బజ్జీ, పులిహోర స్టాల్ మీద సరుకుల ఖర్చు పోను 312.40 మిగిలింది. ఒకాయన ఇచ్చిన పాత సైకిల్ వేలంలో 65కి పోయింది. మిగతా 250 న్యూకాజిల్ నుంచి వచ్చింది, పేరు రాయొద్దన్నారు. వాళ్ల ఊళ్లో కోస్ట్ రోడ్డు వెంట కూడా 1930ల నాటి బాటలున్నాయి. మన మ్యాపు ఎలా వచ్చిందో చూసి అక్కడా మొదలుపెడతారట. మనది రిజిస్టరైన చారిటీ కాదు కాబట్టి గిఫ్ట్ ఎయిడ్ (చందాల మీద సర్కారు చారిటీలకు తిరిగిచ్చే పన్ను) ఏమీ రాలేదు.

ఖర్చుల్లోకి వెళ్లే ముందు గ్రూపులో ఒకరిద్దరు అడిగిన మాటకు జవాబు చెప్పాలి. ‘ఎవరో ఎప్పుడో వేసిన బాట మనకెందుకు, ఆ డబ్బేదో గుడికిస్తే సరిపోయేదిగా’ అన్నారు. మన పిల్లలు స్కూలుకి సైకిల్ మీద వెళ్లేది ఈ రోడ్డు పక్కనుంచే. కొత్తగా సైకిల్ దారి కావాలని ఎప్పుడు అడిగినా, స్థలం ఎక్కడుంది అన్న ప్రశ్న ముందుకొస్తుంది. స్థలం 1934లోనే కేటాయించారని కాగితంతో చూపించగలిగితే మాట్లాడే తీరే మారుతుంది. మనం డబ్బు పెట్టింది ఆ కాగితం కోసం.

1934లో బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. వాళ్లలో సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు వెయ్యికి పైనే. అప్పటి రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా. జీబ్రా క్రాసింగుల దగ్గర నారింజ రంగు దీపాలకు పేరిచ్చినాయన ఈయనే. ఆ డిసెంబరులో వెస్టర్న్ అవెన్యూ మీద హ్యాంగర్ లేన్ నుంచి గ్రీన్‌ఫోర్డ్ రోడ్డు దాకా రెండున్నర మైళ్ల సైకిల్ బాటను ఆయన ప్రారంభించారు. రోడ్డుకి రెండు పక్కలా, ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అడుగుల వెడల్పున, కాంక్రీటుతో వేశారు. చిత్రమేమిటంటే దీన్ని గట్టిగా వ్యతిరేకించింది సైక్లిస్టులే. పక్కదారి ఇచ్చారంటే రేపు అసలు రోడ్డు మీదికి రానివ్వరని సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ భయం. పైగా ప్రతి అడ్డరోడ్డు దగ్గరా ఆగి దిగాల్సి రావడం మరో ఫిర్యాదు. ఆ భయాన్ని తప్పుపట్టలేం, కానీ పట్టించుకునేవాళ్లు లేని బాటకు ఏ గతి పడుతుందో అదే పట్టింది. 1949 తర్వాత సైకిల్ ప్రయాణాలు తగ్గుతూ వచ్చాయి, కార్లు పెరిగాయి. ఇలాంటి బాటలు కొన్నిచోట్ల ఫుట్‌పాత్‌లో కలిసిపోయాయి, కొన్నిచోట్ల పార్కింగ్ అయ్యాయి, కొన్నిటి మీద గడ్డి మొలిచింది. అన్నీ సర్కారు సొమ్ముతో వేసినవే!

2017లో కార్ల్టన్ రీడ్ అనే పాత్రికేయుడు ఇలాగే జనం దగ్గర చందాలు పోగుచేసి దేశమంతా ఈ బాటలు వెతికారు. 1934–40 మధ్య సుమారు 280 మైళ్లు వేశారని ఆయన లెక్క. మనం చేసింది ఆ పనిలో ఒక చిన్న ముక్క, మన పేట వరకు.

ఇక ఖర్చులు. అన్నిటికంటే పెద్దది మ్యాపు కరపత్రాల ముద్రణ, 340 పౌండ్లు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించాం. ప్రెస్సువాళ్లు చెప్పిన రోజుకి ఇవ్వలేదు. ఆ టెన్షన్ వేరే కథ, బిల్లు మాత్రం ముందు చెప్పిన ధరే.

ఎక్కువ వాదన జరిగింది లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్, అంటే పాత సర్కారు కాగితాలు దాచే చోటు, నుంచి తెచ్చిన నకళ్ల మీద. దీనికి 186.50 అయింది. అక్కడ రీడర్ టికెట్ ఉచితం, ఫైళ్లను మన కెమెరాతో ఫొటో తీసుకోవడమూ ఉచితమే. మరి డబ్బెందుకు కట్టారని అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఉత్తరాలు, మెమోలు అన్నీ మనవాళ్లే ఫోన్లతో తీశారు. మడతలు విప్పితే బల్లంతా పరుచుకునే నక్షాల్లో మాత్రం కొలతల అంకెలు ఫోన్ ఫొటోలో అలుక్కుపోయాయి. రేపు ఏ అధికారి ముందైనా పెట్టాల్సింది ఆ అంకెలే కాబట్టి వాటికి డబ్బు కట్టి నకళ్లు తెచ్చుకున్నాం.

పాత విమాన ఫొటోల పెద్ద సైజు ప్రతులకు, ప్రదర్శన అనుమతికి 138 పౌండ్లు. పెరివేల్‌లో తెల్లగా మెరిసే హూవర్ బిల్డింగ్ చుట్టూ రోడ్డు అప్పట్లో ఎలా ఉండేదో చూపించడానికి ఇవి అవసరమయ్యాయి. హాలు అద్దె 120. అందరం కలిసి బాట వెంట నడిచిన రోజుకి, సైకిళ్లు తొక్కిన రోజుకి కలిపి ఇన్సూరెన్స్ 110. కొలత చక్రం, చీపుళ్లు, గ్లవ్స్, మెరుపు జాకెట్లు 94.75. వీటిలో గ్లవ్స్ తప్ప మిగతావి ఇంకా పనికొస్తాయి, ఎవరికైనా కావాలంటే అడగండి. ఇడ్లీ, టీలకు 87.30. పిల్లలకు సైకిళ్ల అద్దె, పంక్చర్లు కలిపి 73.

తవ్వకాల ఖర్చు ఏదని ఒకరు అడిగారు. తవ్వలేదు. రోడ్డు అంచున పార వెయ్యాలంటే అనుమతి కావాలి. రాలిన ఆకులు ఊడ్చి, కాంక్రీటు పలకల అతుకులు కనిపించినచోట కొలిచి ఫొటో తీశాం, అంతే. హ్యాంగర్ లేన్ కూడలి దగ్గర రోడ్డు రూపమే మారిపోయింది కాబట్టి అక్కడ మ్యాపు మీద ఖాళీగానే వదిలేశాం. ఊహించి గీత గీస్తే మిగతా గీతల్నీ ఎవరూ నమ్మరు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ఆన్‌లైన్‌లో పెట్టిన పాత మ్యాపులకు, గూగుల్ స్ట్రీట్ వ్యూలో (వీధుల ఫొటోల్లో) వెతకడానికి రూపాయి ఖర్చు లేదు. నిజానికి సగం పని వాటితోనే అయింది.

మిగిలిన 562.85 ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. గ్రీన్‌ఫోర్డ్ వైపు ఒక సమాచార బోర్డు పెట్టాలని కొందరు, నక్షాల మీద ఒక రోడ్డు ఇంజినీరు అభిప్రాయం రాయించుకోవాలని కొందరు. బోర్డుకి లండన్ రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అనుమతి కావాలి, ఎందుకంటే ఏ40 వాళ్ల చేతిలో ఉంది. ఇంజినీరు రాతే ముందు అని కోశాధికారిగా నా అభిప్రాయం, బోర్డు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. సమావేశంలో ఓటు వేశాకే ఖర్చు పెడతాం.

బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఫైల్లో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు. మిగులులో తమ వంతు వెనక్కి కావాలనుకునేవాళ్లు ఓటింగుకి ముందే చెప్పాలి.

కమిటీ తరఫున,
కోశాధికారి