కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్షులు వేసినవారికి కృతజ్ఞతలు

మోకాళ్లు, నడుము, భుజాల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం మల్కాజిగిరిలోని మా కాలనీ కమ్యూనిటీ హాల్లో నడుపుతున్న వ్యాయామ తరగతి పన్నెండు వారాల మొదటి విడత పూర్తయింది. సాయం చేసినవాళ్లు పేర్లు వేయొద్దన్నారు. సరే, వేయం. కానీ ఎవరు ఏం చేశారో కొలతలతో సహా చెబుతాం. ఇంకో కాలనీవాళ్లు మొదలుపెట్టాలనుకుంటే వాళ్లకీ పనికొస్తుంది.

ముందుగా వడ్రంగి మేస్త్రీకి దండాలు. హాల్లో ఉన్నవన్నీ ఫంక్షన్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో కూర్చుని భోంచేయొచ్చు గానీ, మోకాలి నొప్పి ఉన్న మనిషి పదిసార్లు లేచి కూర్చోవడానికి పనికిరావు. బరువు ఒక పక్కకు పడగానే కాళ్లు విచ్చుకుంటాయి, నున్నటి గ్రానైట్ మీద వెనక్కి జారతాయి. మేస్త్రీ ఆరు పాత చెక్క కుర్చీలు తెచ్చి, సీటు ఎత్తు నేల నుంచి 18 అంగుళాలకు సరిచేసి, కాళ్లకు రబ్బరు బుష్షులు బిగించారు. రెండింటికి దిమ్మలు కొట్టి 20 అంగుళాలు చేశారు. సీటు ఎంత కిందికుంటే మోకాలు అంత వంగాలి, తొడ ముందు కండ అంత గట్టిగా లాగాలి, మోకాలిచిప్ప వెనక ఒత్తిడీ అంత పెరుగుతుంది. 18లో లేవలేనివాళ్లు 20తో మొదలుపెట్టి, కండకు పట్టు వచ్చాక కిందికి దిగుతారు. కుర్చీ వీపు ఎప్పుడూ గోడకు ఆని ఉండాలి.

కూర్చుని లేవడమే ఈ తరగతికి ప్రాణం, కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాం. సీటు ముందు అంచుకు జరగాలి. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. చాలామంది సగం దాకా వచ్చి బస్తా పడేసినట్టు కూలబడతారు. నడుముకు దెబ్బ అక్కడే. కండకు అసలు పని పడేది కూడా ఆ దిగేటప్పుడే, అది కాస్తా పోతుంది. పాదాలు ముందుకు చాపి లేవబోతే ఎంత బలమున్నా వెనక్కే పడతారు. మోకాళ్లు లోపలికి ఒరుగుతుంటే కాలి రెండో వేలికి ఎదురుగా ఉంచమని గుర్తుచేయాలి. మొదట ఐదుసార్లు చొప్పున రెండు విడతలు చాలు.

చేతులు ఛాతీ మీద కట్టుకుని, 17 అంగుళాల సీటు నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్ష ఒకటుంది. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10 కన్నా, మగవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే సగటు కన్నా వెనకబడ్డట్టు, పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. దీనికోసం మేస్త్రీ ఒక కుర్చీని విడిగా 17కు కోసిచ్చారు. అదీ పనితనం.

టైలరమ్మకు కూడా రుణపడ్డాం. పాత జీన్సు గుడ్డతో చీలమండకు కట్టుకునే ఇసుక సంచులు కుట్టారు. అర కిలోవి పన్నెండు, కిలోవి నాలుగు. ఇసుకను జల్లించి, కడిగి, బాగా ఎండబెట్టి పోశారు. తడి ఉంటే బరువు తప్పుతుంది, ముక్కిన వాసనా వస్తుంది. సంచిని నాలుగు అరలుగా కుట్టడం ఆమె ఆలోచనే. ఒకే అరగా ఉంటే ఇసుకంతా ఒక పక్కకు జారి చీలమండను లాగేస్తుంది. ఇవి కట్టుకుని కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు లెక్కపెట్టి దించాలి, కాలికి పదిసార్లు. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు సంచి తీశాక చర్మం చూసుకోవాలి, ఒరుసుకున్నా వాళ్లకు తెలియదు.

ఫిజియోథెరపీ ఇంటర్న్‌లుగా వచ్చిన పిల్లలు పైకే లెక్కపెట్టించారు. అది సరదాకు కాదు. ఊపిరి బిగబట్టి బలం చేస్తే బీపీ ఒక్కసారి ఎగబాకుతుంది. నోటితో అంకెలు చెబుతుంటే బిగబట్టడం కుదరదు. "గుజ్జు అరిగిపోయింది కదా, కదిలిస్తే మిగిలింది కూడా పోదా?" అన్న ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పిందీ వాళ్లే. గుజ్జు అని మనం అనేది మృదులాస్థి, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర. అందులో రక్తనాళాలు ఉండవు. కీలు కదిలి, ఒత్తిడి పడి వదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం లోంచి దానికి ఆహారం అందుతుంది. నొప్పిని పదిలో ఎంతో అడగడం నేర్పారు. ఐదు దాకా ఓర్చుకోవచ్చు, అయితే మర్నాడు పొద్దుటికి మామూలుకు రావాలి. రాకపోతే వ్యాయామం మానేయడం కాదు, బరువో లెక్కో తగ్గించాలి. కీలు ఎర్రగా, వేడిగా ఉబ్బినా, జ్వరం ఉన్నా, ఒక కాలి పిక్క మాత్రమే వాచినా ఆ రోజు తరగతి కాదు, డాక్టరు దగ్గరికే.

రోజూ బీపీ మిషన్‌తో వచ్చిన మెడికల్ షాపు అన్నకు థాంక్స్. 180/110 దాటితే మేం కూర్చోబెట్టేశాం, కోపాలు ఆయనే భరించారు. షుగర్‌కు ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడేవాళ్లు పరగడుపున రాకూడదని గోడకు అంటించిందీ ఆయనే. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు నాడిని నెమ్మదింపజేస్తాయి, కాబట్టి అవి వేసుకునేవాళ్లకు వ్యాయామం ఎంత వేగంగా చేయాలో చూడటానికి నాడి లెక్క పనిచేయదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు.

వాచ్‌మన్ తమ్ముడు రోజూ ఐదున్నరకే తాళం తీసి, మెట్ల మీది తాండూరు బండలు తుడిచి ఆరబెట్టాడు. ఆ బండ తడిసిందంటే సబ్బే. మే నెలలో ఏడు దాటాక హాలు పెనం అవుతుంది కాబట్టి అతని ఐదున్నర లేకపోతే తరగతే లేదు.

ఒక దాత మసాజ్ కుర్చీ ఇస్తామన్నారు. వద్దన్నాం. నొచ్చుకోకుండా ఆ డబ్బుతో ఎత్తు మార్చుకునే చేతికర్రలు పది కొనిచ్చారు. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేయి వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. నొప్పి కుడి మోకాలికైతే కర్ర ఎడమ చేతిలో. సగం మందికి ఇది తిరగబడే ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

రెండో విడత వచ్చే సోమవారం ఉదయం ఆరింటికి. ఇంకా రెండు కుర్చీలు కావాలి: చెక్కవి, చేతులున్నవి, 18 అంగుళాలవి. చక్రాలున్న ఆఫీసు కుర్చీలు దయచేసి పంపకండి, ఇప్పటికే మూడు వచ్చి మూల ఉన్నాయి.