చెప్పను గాక చెప్పను

నెల్లూరు,
14 సెప్టెంబరు 2025

చిట్టీ,

పొద్దున ఫోన్లో నీ వెనకాల ఎవరో పిల్ల "అయిందా, అయిందా" అని తొందర పెడుతుంటే నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. వారానికోసారి ఇచ్చే ఆ కాస్త టైములో తిన్నావా, దగ్గు తగ్గిందా, కెమిస్ట్రీ ఎట్లుంది అనేసరికే సరిపోతుంది. చివర్లో ఆ కొత్త వీడియో గేమ్ గురించి నువ్వొకటి అడిగావు. "నాన్నా, సిల్క్‌సాంగ్ నువ్వు ఆడేసి కథంతా రాసి పంపు, పడుకునే ముందు చదువుకుంటా" అని. నేను "చూద్దాంలే" అన్నాను. చూసేదేం లేదు. చెప్పను గాక చెప్పను. ఎందుకు చెప్పనో మాత్రం రాస్తాను. శనివారం మీ అత్తయ్య బెజవాడ వస్తోంది, మలై కాజా డబ్బాతో పాటు ఈ ఉత్తరం కూడా నీ చేతికిస్తుంది.

ఆట కొన్నాను. ఈ నెల 4న, గురువారం, మన టైము ప్రకారం సాయంత్రం ఏడున్నరకు వదిలారు. అందరూ ఒక్కసారి ఎగబడేసరికి అమ్మే సైట్లు మొరాయించాయి. షట్టర్ సగం దించుకుని, జెరాక్స్‌కి వచ్చినవాళ్లని రేపు రమ్మని పంపేసి, నొక్కిందే నొక్కుతూ కూర్చున్నాను. దొరికేసరికి తొమ్మిది దాటింది. అమ్మ రెండుసార్లు ఫోన్ చేస్తే షాపులో పని ఎక్కువుందని చెప్పాను. (ఈ ముక్క అమ్మ దగ్గర అనకు.)

దీన్ని మొదట మనం ఆడిన పాత ఆట హాలో నైట్‌కే తోకగా ఇస్తామన్నారు గుర్తుందా? ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసే పని అది. పెరిగి పెరిగి వేరే ఆటయింది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు నువ్వు ఐదో తరగతి, ఇప్పుడు ఇంటర్ సెకండియర్. అన్నేళ్లు చేసి, చివర్లో వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. మామూలుగా కొత్త ఆట వస్తుందంటే సమీక్షలు రాసేవాళ్లకి ముందే ఇస్తారు. వీళ్లు ఎవరికీ ఇవ్వలేదు. మొదట్లో చందాలు వేసి నిలబెట్టినవాళ్లకంటే ముందు ఇంకెవరో ఆడటం న్యాయం కాదనుకున్నారట. అంటే ఆ గురువారం సాయంత్రం అమెరికాలో పెద్ద పత్రికకు రాసేవాడికీ, ట్రంకు రోడ్డు పక్క సందులో జెరాక్స్ మిషన్ మీద మోచెయ్యి ఆనించి కూర్చున్న నాకూ ఒకటే లెక్క. లోపల ఏముందో ఇద్దరికీ తెలియదు.

సరే, తప్పు కూడా ఒప్పుకుంటాను. ఆ రాత్రి డౌన్‌లోడ్ అయ్యాక ఉండబట్టలేక మొదలుపెట్టాను. పదకొండు నిమిషాలు. తర్వాత గోడ మీద నీ టైమ్‌టేబుల్ కనిపించి సిగ్గేసింది. ఆ సేవ్ ఫైలు తీసేశాను. ఆ పదకొండు నిమిషాల్లో ఏం చూశానో అడగొద్దు.

2020లో లాక్‌డౌన్‌కి షాపు మూసేసి కంప్యూటర్ ఇంటికి తెచ్చాం కదా. హాలో నైట్‌లో దిగీ దిగగానే మ్యాపు ఉండదు. ఎటు పోయినా చీకటి, పురుగులు, పోయిన చోటుకే మళ్లీ పోవడం. నువ్వు షాపు నుంచి తెచ్చిన వేస్టు ఏఫోర్ కాగితాల వెనక పెన్సిల్‌తో దారులు గీయడం మొదలుపెట్టావు. ఒక వైపు ఎవరిదో ఆదాయం సర్టిఫికెట్, ఇంకో వైపు నీ గుహలు. మూడో రోజనుకుంటా, ఉన్నట్టుండి "నాన్నా, ఫ్యాను ఆపు" అన్నావు. మే నెలలో, నెల్లూరులో! అమ్మ వంటింట్లోంచి అరిచింది. అయినా ఆపాను. స్పీకర్లో ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. ఒక పక్కకి పోతే తగ్గుతోంది, ఇంకో పక్కకి పోతే పెరుగుతోంది. కాసేపటికి నేల మీద ఒక కాగితం కనిపించింది, కొంచెం ముందుకెళ్తే ఇంకోటి. వాటి వెంట పోతే లావుపాటి పురుగొకడు తన లోకంలో తనుండి మ్యాపు గీసుకుంటున్నాడు. "నాన్నా, వీడూ నాలాగే గీస్తున్నాడు!" అని నువ్వు కుర్చీలోంచి లేచి నిలబడ్డావు. వాడి దగ్గర మ్యాపు కొని నీ దాని పక్కన పెట్టి చూస్తే, నువ్వు ఒకే గదిని రెండు గదులనుకుని రెండుసార్లు గీశావు. నీ మ్యాపు ఇంకా షాపు సొరుగులో ఉంది, సెలోటేపు పచ్చబడింది.

"అక్కడ కూనిరాగం వినిపిస్తుంది, కాగితాల వెంట పో" అని ఎవరైనా ముందే చెప్పుంటే మ్యాపు అరగంటలో దొరికేది. నువ్వు ఫ్యాను మాత్రం ఆపమనేదానివి కాదు.

ఇక మీ బావ సంగతి. వాడు నాలుగు రాత్రులు నిద్ర మానుకుని ఆడాడు, ఎందాకా వచ్చాడో వాడికే తెలియాలి. అప్పట్నుంచి రోజూ ఏదో ఒక ప్రింటు వంకతో షాపుకొస్తాడు. "మామా, ఆడ ఒకడుండాడు చూడూ..." అని మొదలుపెడతాడు, నేను జెరాక్స్ మిషన్ ఆన్ చేస్తాను. యూట్యూబ్ ఇంకా ఘోరం. పాత ఘంటసాల పాట వెతుక్కుంటే పక్కనే పెద్ద బొమ్మ, దాని మీద ఎర్ర బాణం గుర్తు, చచ్చేదెవరో చెప్పేసేలా. ఇప్పుడు చేత్తో స్క్రీను కుడి పక్క మూసుకుని పాటలు వింటున్నాను. నిన్ను ఫోన్ లేని హాస్టల్లో వేసినందుకు రెండేళ్లుగా బాధపడుతున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో మాత్రం నువ్వే అదృష్టవంతురాలివి.

మీ బావ ఊరుకునే రకమా? నిన్న ఫోన్లో ఏదో తీసి చూపించాడు. 2011లో అమెరికాలో, శాన్ డియాగోలో, చిన్న కథలిచ్చి పరీక్ష పెట్టారట. ముగింపు ముందే తెలిసినవాళ్లకే కథ ఎక్కువ నచ్చిందట. ఇంట్లో ఈ మాటంటే అమ్మ కూడా వాడి పక్షమే. "దసరాకి వేసే పద్యనాటకం కథ తెలియకే పోతున్నామా? తెలిసిన పద్యానికే కదా వన్స్‌మోర్ కొట్టేది" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రాత్రి పడుకున్నాక తోచింది. నాటకంలో పద్యం పాడేది ఇంకొకడు, మనం కూర్చుని వింటాం. కథైనా అంతే. ఆటలో పద్యం ఎత్తుకోవాల్సింది మనమే. రాగం తప్పినా మనదే, కుదిరినా మనదే. అమ్మను లేపి చెబుదామనుకున్నాను గానీ ధైర్యం చాలలేదు.

నాకు ఇంత పట్టుదల ఎక్కడిదంటే, 1996లో నేను కంప్యూటర్ కోర్సులో చేరాను. చెప్పులు బయట విడిచి గుళ్లోకి పోయినట్టు పోవాలి, లోపల ఏసీ. ప్రాక్టికల్ అయ్యాక అరగంట ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడనిచ్చేవాళ్లు. 1989 నాటి ఆట. అందులో రాకుమారుడు పరిగెత్తితే అచ్చం మనిషి పరుగే. దాన్ని చేసిన జోర్డాన్ మెక్‌నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి వీడియో తీసి, దాన్ని చూసి ఒక్కో బొమ్మా గీశాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాకుమారిని విడిపించడానికి ఆటలో గడువు 60 నిమిషాలు. కాలు పెడితే రాలిపోయే రాళ్లు, నడుము దగ్గర రెండు ముక్కలు చేసే కత్తెరలు.

నాలుగో లెవెల్లో ఒక అద్దం ఉంటుంది. పోయేటప్పుడు లేదు, తిరిగొచ్చేటప్పుడు దారికి అడ్డంగా ఉంది. వారం రోజులు నలుగురం దాని ముందు నిలబడ్డాం. కత్తి దూశాం, వంగాం, కిందా మీదా పడ్డాం. ఒకరోజు నేను విసుగొచ్చి ఒక పని చేశాను. ఏం చేశానో, ఏమైందో చెప్పను, నువ్వెప్పుడైనా ఆడతావేమో. నేను వేసిన కేకకు సారు వచ్చి వారం రోజులు ఆట బంద్ అన్నాడు. అయినా ఆ రోజు సైకిల్ మీద పెన్నా వంతెన దాకా ఊరికే పోయొచ్చాను, కాళ్లు నిలవక.

చివరి దగ్గర ఒకడు ఎదురొస్తాడు. ఎంత కొట్టినా లాభం లేదు. రెండు నెలలు ఆడి అక్కడిదాకా వచ్చాం. వెనక నిలబడి చూస్తున్న సీనియర్ ఒకడు, టీ తాగుతూ, ఒకే ఒక్క ముక్క చెప్పాడు. వాడు చెప్పినట్టు చేశాను. పనైపోయింది. రాకుమారీ దొరికింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఎవరి పరీక్షో నేను రాసొచ్చినట్టుంది. అద్దం దగ్గర ఏ మీట ఎంతసేపు నొక్కానో ఈ రోజుకీ నా వేళ్లకు గుర్తుంది. చివరివాడి దగ్గరకొస్తే మాత్రం ఆ సీనియర్ చేతిలో టీ గ్లాసే గుర్తొస్తుంది.

కాబట్టి నా దగ్గర కథేమీ దొరకదు, వేరే ఏమన్నా అడుగు. శనివారం అత్తయ్యతో బావ కూడా వస్తానంటున్నాడు. వాడి నోట సిల్క్‌సాంగ్ అన్న మాట రాగానే చెవులు మూసుకో, కాజాలు మాత్రం తీసుకో. దసరాకు మీవాళ్లు ఎన్నిరోజులు వదులుతారో కనుక్కుని వచ్చే ఆదివారం చెప్పు. పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటావు. అమ్మ చేపల పులుసు ముందురోజే పెట్టి ఉంచుతానంది. కంట్రోలర్‌లో ఎడమ పుల్ల ఒదులైంది, బాగు చేయించాలి.

వేస్టు ఏఫోర్ కాగితాలు ఒక కట్ట పక్కన పెట్టాను. పెన్సిళ్లు రెండు చెక్కాను. ఒకటి నాది.

ఆశీస్సులతో,
నాన్న