తగ్గించే దారి చట్టంలోనే లేదు

సంపాదకుల వారికి,

గంజాయి కేసులో పడిన పదేళ్ల శిక్షను తగ్గించడానికి హైకోర్టు ఒప్పుకోలేదన్న వార్త మీ పత్రికలో వచ్చి చాలా రోజులైంది. ఇప్పటికీ జనం ఆ జడ్జిగారికి జాలి లేదనే అంటున్నారు. సరుకు 20 కిలోలు దాటిందని రుజువయ్యాక 10 ఏళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అన్నది కనీస శిక్ష. అందులో ఒక్క రోజు తగ్గించే అధికారం హైకోర్టుకు కూడా లేదు. ఆయనను తిట్టి లాభమేమిటి?

1985 నాటి మత్తుపదార్థాల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) 2001లో సవరించి, సరుకు ఎంతో శిక్ష అంత అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తోట వేయించి, పెట్టుబడి పెట్టి, బండ్లు మాట్లాడే మనిషి పట్టుబడడు. చార్జిషీటులో అతను ఎప్పుడూ 'పరారీ'లోనే ఉంటాడు. దొరికేది కూలికి సంచి మోసిన కుర్రాడు. కనీసం కంటే ఎక్కువ శిక్ష వేయాలంటే ఏమేం చూడాలో 32బి సెక్షన్‌లో వరసగా రాశారు: ఆయుధం వాడాడా, మైనర్లను దింపాడా, పదవిని అడ్డం పెట్టుకున్నాడా అని. తక్కువ వేయడానికి ఏం చూడాలో ఒక్క ముక్క రాయలేదు. మొదటిసారి తప్పు చేసిన పిల్లాడైనా సరే, అంతే.

పైగా 32ఎ సెక్షన్ ఒకటి. హత్య చేసి యావజ్జీవం పడిన ఖైదీకైనా 14 ఏళ్లు గడిచాక ప్రభుత్వం దయతలిస్తే విడుదల ఉంది. ఈ సెక్షన్ వల్ల గంజాయి కేసుల్లో మాత్రం సత్ప్రవర్తనకు రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, లేదు. అప్పీలు నడుస్తుండగా శిక్షను నిలిపే అధికారం కోర్టులకు ఉందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, రెమిషన్ మీద నిషేధాన్ని మాత్రం కదపలేదు.

అంటే అప్పీలులో కొట్లాడాల్సింది తూకం మీద, సాక్ష్యం మీద. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్కకు పూత, కాయ పట్టిన కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. మరి జరుగుతున్నదేమిటి? కాడలు, ఆకులు, గింజలు అన్నీ కుక్కిన గోనెసంచిని అలాగే కాంటా మీద పెట్టి 22 కిలోలని రాసేస్తారు. సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల రిపోర్టులో సంచులెన్ని, మొత్తం బరువెంత అని ఒక్క లైను ఉంటుంది. కింద ఇద్దరి సంతకాలు. సంచి బరువెంత, కాడలెన్ని అని కింది కోర్టులో లాయరు అడగకపోతే, హైకోర్టుకు వెళ్లాక రికార్డులో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. రెండు కిలోల తేడాలో ఒక మనిషి యౌవనమంతా పోతుంది.

అధికారులకు కావలసింది మాత్రం పట్టుబడినవాళ్లను సంచుల ముందు ముసుగులేసి నిలబెట్టిన ఫోటో. పైవాళ్లదాకా ఎందుకు పోలేదని ఎవరూ అడగరు. మీ విలేకరులూ అడగరు, అదే నా బాధ. జైల్లో ఉన్నవాడికి ఉచిత లాయరు 1987 చట్టం ఇచ్చిన హక్కు, హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. ఈ రెండు సంగతులైనా ఆ వార్త కింద వేసి ఉంటే ఏ తల్లికో పనికొచ్చేది.

గంజాయిని నేను వెనకేసుకు రావడం లేదు. అమ్మి పిల్లల్ని పాడుచేసేవాడికి 20 ఏళ్లు వేసినా నాకు అభ్యంతరం లేదు. కూలికి మోసినవాడి విషయంలో, కారణాలు రాసి కనీసం కంటే తక్కువ శిక్ష వేసే వీలు జడ్జికి ఇవ్వమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. అంతవరకు, మేజిస్ట్రేటు ఎదుట సంచి, కాడలు వేరుచేసి తూచే పని అయినా అధికారులు రేపటి నుంచే మొదలుపెట్టాలి.

– ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి