వాసన లేని శుభ్రత: వంటసోడా, నిమ్మ ఉప్పు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఘాటైన ఫ్లోర్ క్లీనర్లు, సువాసన స్ప్రేలు ఉబ్బసం ఉన్న పిల్లల్లో చాలామందికి పడవు. దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. అసలు ఆ పరిమళానికీ శుభ్రతకూ సంబంధమే లేదు, చెడు వాసనను కప్పేస్తుందంతే. రోజువారీ మురికికి వంటసోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), సువాసన కలపని గిన్నెల లిక్విడ్ చాలు.

లంచ్ బాక్సు ఎంత తోమినా వాసన వదలట్లేదా? మూత లోపలి రబ్బరు రింగు ఊడదీసి చూడండి. దాని కింది గాడిలో జిడ్డు పసుపచ్చగా, జిగటగా పేరుకుని ఉంటుంది. వాసనంతా అక్కడిదే. పాత టూత్‌బ్రష్‌కి లిక్విడ్ రాసి గాడి పొడుగునా రుద్దండి. తర్వాత బాక్సు నిండా గోరువెచ్చని నీళ్లు పోసి, పెద్ద చెంచాడు వంటసోడా కలిపి, రింగు కూడా అందులోనే వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కడిగి, మూత పెట్టకుండా ఆరబెట్టాలి. తడి మీద మూసేస్తే వాసన మళ్లీ మొదలు. అల్యూమినియం డబ్బాలకు మాత్రం సోడా వద్దు, నల్లబడతాయి.

బూట్లకూ సోడానే, కాకపోతే పొడిగా. ఒక్కో బూటులో చెంచాడు చల్లి, ఉదయం దులిపేయండి. చెమట కంపులో ఆమ్లాల పాలు ఎక్కువ, క్షారగుణమున్న సోడా వాటిని విరిచేస్తుంది. తడి బూట్లలో చల్లితే అట్టకట్టి కుట్లలో ఇరుక్కుంటుంది.

సింకుకు మూడు పాళ్ల సోడాలో ఒక పాలు నీళ్లు కలిపి పేస్టులా రాయండి. పది నిమిషాలాగి రుద్దాక, రెండుసార్లు తడిగుడ్డతో తుడవాలి. ఒక్కసారితో సరిపెడితే ఆరాక తెల్లటి పొర తేలుతుంది. నేలకైతే బకెట్ నీళ్లకు ఒక టీస్పూను లిక్విడ్. మించితే జిగురు మిగిలి దుమ్మును పట్టేస్తుంది.

కుళాయిల మీది తెల్ల పెచ్చు సోడాకు లొంగదు. అది నీళ్లలోని కాల్షియం, దానికి పులుపు కావాలి. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు, అంటే సుమారు 10 గ్రాములు కరిగించండి. అందులో గుడ్డ తడిపి కుళాయికి చుట్టి, 15 నిమిషాలాగి కడిగేయండి. వినెగర్ కూడా ఈ పని చేస్తుంది గానీ ఆరేదాకా దాని వాసన భరించాలి. పాలరాతి మీద మాత్రం పులుపు చుక్క కూడా పడనివ్వకండి. ఆ రాయిలో ఉన్నదీ కాల్షియమే కాబట్టి మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు.

సోడా, నిమ్మ ఉప్పు కలిపేస్తే రెట్టింపు పని చేస్తాయని చాలామంది నమ్మకం. బుసబుసా పొంగే నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒకదాన్నొకటి విరుచుకుని చివరికి మిగిలేది పెద్దగా పనికిరాని నీళ్లే. ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి సీసా పగలొచ్చు కూడా. బ్లీచ్ సంగతి ఇంకా వేరు. అందులో నిమ్మ ఉప్పు గానీ వినెగర్ గానీ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా ఉన్న క్లీనర్లు కలిసినా విషవాయువులే. బ్లీచ్‌ను నీళ్లలో తప్ప మరి దేనిలోనూ కలపొద్దు.

సోడా, నిమ్మ ఉప్పు, లిక్విడ్ మురికిని వదిలిస్తాయే గానీ క్రిములను నమ్మకంగా చంపవు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే ఆ చోటును ముందు సబ్బుతో, తర్వాత మంచినీళ్లతో కడగండి. ఆపైన కిటికీలు తెరిచి, లేబుల్ మీద చెప్పిన పాళ్లలో బ్లీచ్ వాడండి.

నిమ్మ ఉప్పు నీళ్లకు రంగూ వాసనా ఉండవు కాబట్టి చూడ్డానికి అచ్చం తాగే నీళ్లే. దాహంతో వచ్చిన పిల్లవాడు తేడా కనిపెట్టలేడు. దయచేసి తాగునీటి సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. వేరే సీసా మీద పేరు, కలిపిన తేదీ రాసి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. నిల్వ ఉంటే బూజు తేలుతుంది, వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు